ఎక్మో మీద ఉన్న మనిషికి రక్తం: ఎప్పుడు ఎక్కిస్తారు, ఎందుకు ఆగుతారు

మా సంఘం ఆఫీసు ఫోనుకు రాత్రి పదింటి తర్వాత వచ్చే కాల్స్‌లో చాలావరకు రక్తం కోసమే. కాల్హేర్ నుంచి వచ్చినా, కామత్‌ఘర్ నుంచి వచ్చినా, పద్మానగర్ నుంచి వచ్చినా మాట ఒకటే: "సెక్రెటరీ సాబ్, నాలుగు బాటిళ్ల రక్తం కావాలె, పోరగాండ్లను పంపుండ్రి." గాజు సీసాలు పోయి ప్లాస్టిక్ సంచులు వచ్చి ఎన్నో ఏళ్లయినా మన నోట్లో బాటిల్ అన్న మాట పోలేదు. కాన్పుకు, ఆపరేషన్‌కు, రోడ్డు ప్రమాదానికి రక్తం ఎందుకు కావాలో మన ఇళ్లలో అందరికీ తెలుసు. తికమక అంతా ఎక్మో దగ్గర వస్తోంది.

మూడేళ్ల కింద కాల్హేర్‌లో ఉండే ఒక సాంచల మేస్త్రీకి న్యుమోనియా ముదిరి, ఎక్మో మీద పదమూడు రోజులు ఉండి చనిపోయాడు. ఆయన తమ్ముడు ఆ తర్వాత ఏడాది పాటు పెళ్లిళ్లలో, దినాల్లో ఒకే మాట చెప్పుకుంటూ తిరిగాడు: "ఎనిమిది మందిని తీస్కపోయి నిలబెట్టినం. ఇద్దరి దగ్గరనే తీసుకున్నరు. అడిగినంత రక్తం ఎక్కిస్తే మా అన్న బతుకుతుండె." ఆ మాట విన్న ఇంకో కుటుంబం ఇంకో ఆసుపత్రిలో డాక్టర్‌తో గొడవ పెట్టుకుని, రోగిని అంబులెన్స్‌లో వేరే చోటికి మార్చేదాకా పోయింది. చివరికి ఆ తమ్ముడే ఫైలు పట్టుకొని మా ఆఫీసుకు వచ్చాడు. సభ్యుల ఇళ్లలో ఐసీయూ నర్సుగా చేస్తున్న ఒక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకొని రెండు ఆదివారాలు ఆ కాగితాలు చదివాం. అక్కడ తెలిసింది, ఆ తర్వాత అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. మేము డాక్టర్లం కాము. రోగి దగ్గర చివరి మాట చికిత్స చేసే డాక్టర్‌దే.

ఎక్మో అంటే ఏం యంత్రం

ఈ మాట మన ఇళ్లలోకి వచ్చింది 2020లో. ఆగస్టు 5న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు కరోనా కొద్దిగా ఉందని, ఎవరూ కంగారు పడవద్దని వీడియోలో తానే చెప్పి చెన్నై ఎంజీఎం హెల్త్‌కేర్‌లో చేరారు. 13వ తేదీ రాత్రి పరిస్థితి విషమించింది. ఆ తర్వాత బులెటిన్లలో వెంటిలేటర్‌తో పాటు ఎక్మో అన్న మాట వచ్చింది. సెప్టెంబర్ 25 మధ్యాహ్నం ఆయన కన్నుమూసేదాకా ఆ మాట రోజూ విన్నాం. అంతకు ముందు 2016 డిసెంబర్ 4న జయలలిత గారికి గుండె ఆగినప్పుడు చెన్నై అపోలోలో పెట్టింది కూడా ఈ యంత్రమే. బాలు గారిది ఊపిరితిత్తుల ఆపద, జయలలిత గారిది గుండె ఆపద. ఎక్మో రెండింటికీ వాడతారు.

తొడలోనో మెడలోనో పెద్ద సిరలోకి వేలు లావు గొట్టం పెట్టి, ఒంట్లోని రక్తాన్ని పంపుతో బయటికి లాగుతారు. ఆ రక్తం ఆక్సిజనేటర్ అనే పెట్టెలోంచి పోతుంది. అక్కడ బొగ్గుపులుసు గాలి పోయి ఆక్సిజన్ ఎక్కుతుంది. ఊపిరితిత్తులు మాత్రమే పాడైతే శుభ్రమైన రక్తాన్ని తిరిగి సిరలోకే పంపుతారు. గుండె కూడా పని చేయకపోతే ధమనిలోకి పంపుతారు. పెద్దవాళ్లలో ఇది నిమిషానికి మూడు నుంచి ఐదు లీటర్ల దాకా సాగుతుంది. మన ఒంట్లో ఉండేదే ఐదు లీటర్ల చుట్టూ. అంటే ఇంచుమించు ఒంట్లో ఉన్నంత రక్తం నిమిషానికోసారి బయటికి పోయి వస్తున్నట్టు లెక్క.

ఆక్సిజనేటర్ లోపల ఏముంటుందో తెలిస్తే మన నేత వాళ్లకు ఆశ్చర్యం వేస్తుంది. లోపల బోలుగా ఉండే సన్నని ప్లాస్టిక్ పోగులను చాపలా అల్లి, మడతలు మడతలుగా పేరుస్తారు. పోగు లోపల ఆక్సిజన్, పోగు బయట రక్తం. పోగు గోడలోంచి గాలి మాత్రమే దాటుతుంది. తమ్ముడికి మేము ఇట్లాగే చెప్పాం. ఆ రోజు ఆయన ముఖం కొంచెం తేటపడింది ఇక్కడే. ఆ పోగుల మధ్య రక్తం గడ్డ కడితే ఏమవుతుందో, పడుగులో పోగు తెగితే ఏమవుతుందో తెలిసిన మనిషికి వేరే చెప్పక్కర్లేదు.

ఈ యంత్రం జబ్బు నయం చేయదు. ఊపిరితిత్తులో గుండో తేరుకునేదాకా, లేదా అవయవ మార్పిడి జరిగేదాకా గడువు ఇస్తుంది, అంతే. అమెరికాలో 1953 మే 6న డాక్టర్ జాన్ గిబ్బన్ గుండె-ఊపిరితిత్తుల యంత్రంతో తొలిసారి గుండె ఆపరేషన్ విజయవంతంగా చేశారు. ఆ యంత్రం గంటల పనికి. రోజుల తరబడి నడిపే పద్ధతి 1971లో కాలిఫోర్నియాలో ప్రమాదంలో గాయపడిన 24 ఏళ్ల యువకుడి మీద మొదటిసారి ఫలించింది. 75 గంటలు యంత్రం మీద ఉండి అతను బతికాడు. 1975లో డాక్టర్ రాబర్ట్ బార్ట్‌లెట్ ఒక పసిగుడ్డును ఇట్లాగే బతికించారు. ఆ పాపకు నర్సులు ఎస్పరాంజా అని పేరు పెట్టారు, స్పానిష్‌లో ఆశ అని అర్థం.

రక్తం ఎటు పోతుంది

మేము ఉద్యోగమంతా జమాఖర్చులు రాసిన వాళ్లం, కాబట్టి ఆ లెక్కనే చెబుతాం. ఎక్మో మీద ఉన్న మనిషి రక్తం ఖాతాలో ఖర్చు పద్దులు చాలా ఉంటాయి.

మొదటి పద్దు యంత్రం మొదలుపెట్టిన నిమిషంలోనే పడుతుంది. గొట్టాలు, ఆక్సిజనేటర్ ఖాళీగా ఉంటే గాలి ఒంట్లోకి పోతుంది కాబట్టి వాటిని ముందే సుమారు అర లీటరు, అంతకు కొంచెం పైన సెలైన్ లాంటి ద్రవంతో నింపుతారు. అది రోగి రక్తంలో కలిసి రక్తం పలచబడుతుంది. హిమోగ్లోబిన్ అంకె అక్కడికక్కడే దిగుతుంది. రక్తం ఎక్కడికీ పోలేదు, నీళ్లు కలిశాయి.

రెండో పద్దు పరీక్షలు. కొన్ని గంటలకోసారి రక్తం తీసి చూస్తారు. ఐసీయూలో మామూలు రోగికే రోజుకు నలభై మిల్లీలీటర్ల చుట్టూ పోతుందని లెక్కలున్నాయి, ఎక్మో మీద ఇంకా పోతుంది. చిన్న పిల్లల గొట్టాలు వాడితే ఇందులో కొంత మిగులుతుంది. ఈ మాట మీరు డాక్టర్‌ను మర్యాదగా అడగవచ్చు.

అన్నిటికంటే పెద్ద పద్దు హెపారిన్. ప్లాస్టిక్ తగిలితే రక్తం గడ్డ కడుతుంది. గడ్డ ఆక్సిజనేటర్‌ను మూసేయవచ్చు, మెదడుకు పోవచ్చు. అందుకని గడ్డకట్టకుండా ఈ మందు చుక్కలు చుక్కలుగా ఎక్కిస్తూ ఉంటారు. ఫలితంగా గొట్టం పెట్టిన చోట, ముక్కులో, కడుపులో, ఊపిరితిత్తుల్లో, చివరికి మెదడులో కూడా రక్తస్రావం జరగవచ్చు. దానికి తోడు వేగంగా తిరిగే పంపు కొన్ని ఎర్ర కణాలను పగలగొడుతుంది (అప్పుడు మూత్రం కోలా రంగుకు తిరుగుతుంది). ప్లేట్‌లెట్లు గొట్టాలకు అంటుకొని తగ్గిపోతాయి. గాయం దగ్గర ప్లేట్‌లెట్లను అతికించే పొడవాటి ప్రోటీన్ ఒకటి రక్తంలో ఉంటుంది, పంపు ఒరిపిడికి అది ముక్కలవుతుంది. మనిషి జబ్బులో ఉన్నాడు కాబట్టి ఎముక మజ్జ కొత్త రక్తం తయారుచేయడం కూడా మందగిస్తుంది. జమ వైపు దాదాపు ఏమీ లేదు.

తమ్ముడు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇదే: "రక్తం కారే మందు వాళ్లే ఇయ్యవట్టిరి. మళ్ల రక్తం తెమ్మనవట్టిరి. ఇదేం వైద్యం?" అడగాల్సిన ప్రశ్నే. మందు ఎక్కువైతే రక్తం కారుతుంది, తక్కువైతే గడ్డ కడుతుంది. డాక్టర్లు రోజుకు ఎన్నోసార్లు పరీక్ష చేసి ఆ రెండింటి మధ్య నడిపిస్తారు. రక్తస్రావం మొదలైతే కొన్ని గంటలు, ఒక్కోసారి రోజులు హెపారిన్ ఆపి, ఆక్సిజనేటర్‌లో గడ్డలు వస్తున్నాయేమో టార్చ్ వేసి చూస్తూ, అవసరమైతే దాన్ని మారుస్తారు.

ఎంతకు దిగితే ఎక్కిస్తారు

ఒకప్పుడు ఎక్మో రోగికి హిమోగ్లోబిన్ మామూలు మనిషికి ఉన్నంత, 12 పైన ఉంచాలనేవారు. ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబినే, మోసే వాళ్లు ఎక్కువుంటే సరుకు ఎక్కువ పోతుంది కదా అన్నది తర్కం. మన ఇళ్లలో "రక్తం ఉంటే బలం" అనడం కూడా ఇదే తర్కం.

ఆ తర్కాన్ని కదిలించింది 1999లో కెనడాలో వచ్చిన ఒక అధ్యయనం. ఐసీయూలో ఉన్న 838 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు హిమోగ్లోబిన్ 10 కింద పడగానే, రెండో గుంపుకు 7 కిందికి పడితేనే రక్తం ఎక్కించారు. 7 దాకా ఆగిన గుంపుకు సగం రక్తమే పట్టింది, మరణాలు మాత్రం పెరగలేదు. వీళ్లు ఎక్మో రోగులు కారు. ఎక్మో రోగుల మీద 2023లో ప్రోటెక్మో అన్న పేరుతో ఒక పెద్ద పరిశీలన వచ్చింది. అనేక దేశాల్లో ఊపిరితిత్తుల కోసం ఎక్మో పెట్టిన 604 మందిని గమనించారు. హిమోగ్లోబిన్ 7 కింద ఉన్నప్పుడు రక్తం ఎక్కించిన వాళ్లలో మరణాలు తక్కువ కనిపించాయి. అంతకు పైన ఉన్నప్పుడు ఎక్కిస్తే ఆ లాభం కనిపించలేదు. ఇది గమనించి రాసిన లెక్క, రోగులను గుంపులు చేసి పరీక్షించింది కాదు. అయినా ఈ రోజు చాలా చోట్ల డాక్టర్లు 7, 8 దాకా ఎందుకు ఆగుతారో దీంతో అర్థమవుతుంది.

7 అన్న అంకె పట్టుకొని డాక్టర్‌తో వాదించడానికి మాత్రం ఇది రాయడం లేదు. రక్తం ధారగా పోతుంటే అంకె కోసం ఎవరూ చూడరు. గుండెపోటు వచ్చిన వాళ్లకు కొంచెం పైనే ఉంచుతారు. పసిపిల్లల లెక్క వేరు. పెద్దవాళ్లలో ఒక సంచి ఎర్ర కణాలు ఎక్కిస్తే హిమోగ్లోబిన్ సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. అందుకే ఒక సంచి ఎక్కించి, చూసి, అప్పుడు రెండోది ఆలోచిస్తారు.

అవసరం లేకుండా ఎక్కిస్తే నష్టమేమిటంటారా? ఎక్మో మీద ఉన్న మనిషి ఊపిరితిత్తులు అప్పటికే నీరు పట్టి ఉంటాయి. ఎక్కించిన రక్తం వల్ల ఆ నీరు పెరగవచ్చు. దాత రక్తంలోని ప్రతిరక్షకాల వల్ల కొన్ని గంటల్లోనే ఊపిరితిత్తులు మరింత దెబ్బతినే ప్రమాదం అరుదే గానీ, ఉంది. ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఎదురుచూసే వాళ్లకైతే ఇంకో చిక్కు: ఇతరుల రక్తం ఎక్కువసార్లు ఎక్కితే ఒంట్లో కొత్త ప్రతిరక్షకాలు తయారై, సరిపోయే అవయవం దొరకడం కష్టమవుతుంది.

ఇక ఆ ఫైలు. రోజువారీ కాగితాల్లో హిమోగ్లోబిన్ వరుసగా రాసి ఉంది. మన వాళ్లు ఎనిమిది మందిని నిలబెట్టిన రోజు అది 8.3. ఆ రోజు రక్తం ఎక్కించలేదు. రెండు రోజుల తర్వాత కడుపులో రక్తస్రావం జరిగి 6.7కు దిగింది. ఆ రాత్రి మూడు సంచులు ఎక్కించారు, ప్లేట్‌లెట్లు వేరే. పదమూడు రోజుల్లో మొత్తం ఎర్ర కణాలు తొమ్మిది సంచులు, ప్లాస్మా నాలుగు సంచులు. తమ్ముడికి ఇది తెలియదు. మన పిల్లలు ఇచ్చిన రెండు సంచులే అన్నకు ఎక్కాయని అనుకున్నాడు. మిగతాదంతా రక్తనిధి తన నిల్వలోంచి ఇచ్చింది. చివరి రోజు మెదడులో రక్తస్రావం జరిగిందని స్కాన్ కాగితం ఉంది. దానికి ఎన్ని సంచులు ఎక్కించినా లాభం లేదు. ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివించుకొని, జిరాక్స్ తీసుకొని వెళ్లిపోయాడు. ఇదే మాట ఆ రోజే ఎవరైనా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మన భాషలో చెప్పి ఉంటే ఏడాది బాధ తప్పేది. హిందీలో చెప్పారట, తల ఊపి వచ్చాడట.

సొంత రక్తం, తాజా రక్తం

"మా తమ్మునిదే తీసుకోండి, బయటి వాళ్లది వద్దు" అని చాలామంది అంటారు. ఇది తలకిందులు ఆలోచన. దగ్గరి రక్తసంబంధీకుల రక్తంలోని తెల్ల కణాలను రోగి శరీరం పరాయివిగా గుర్తించకపోవచ్చు. అప్పుడు అవి లోపల స్థిరపడి రోగి మీదికే తిరుగుతాయి. అరుదు గానీ, వస్తే బతకడం చాలా కష్టం. మేనరికాలు నడిచిన మన కుటుంబాల్లో పోలిక ఇంకా ఎక్కువ. తప్పనిసరై వాడితే ఆ సంచికి ముందు రేడియేషన్ ఇవ్వాలి. తమ్ముడు రక్తం ఇవ్వడం మంచిదే, కానీ అది రక్తనిధికి పోయి ఇంకొకరికి వెళ్లాలి.

"అప్పుడే తీసిన వేడి రక్తం" అన్న కోరిక కూడా ఉంది. తీసిన ప్రతి సంచికీ హెచ్ఐవీ, రెండు రకాల కామెర్లు, సిఫిలిస్, మలేరియా పరీక్షలు జరగాలి, కాబట్టి అది నేరుగా ఎక్కించే వస్తువు కాదు. ఎర్ర కణాలను చల్లగా ఉంచితే 35 నుంచి 42 రోజులు నిలుస్తాయి. ఐసీయూ రోగుల్లో తాజా రక్తానికీ నిల్వ రక్తానికీ ఫలితంలో తేడా లేదని 2015లో 2,400 మందికి పైగా రోగులతో చేసిన అధ్యయనంలో తేలింది. ప్లేట్‌లెట్ల సంగతి వేరు, అవి ఐదు రోజులే నిలుస్తాయి. అందుకే ప్లేట్‌లెట్లకు మాత్రం అప్పటికప్పుడు మనుషులు కావాల్సి వస్తుంది.

బాంబే గ్రూపు అని ఒకటుంది. మనం ఉండే చోటి పేరే. 1952లో బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భెండే, ఆయన సహచరులు దీన్ని కనిపెట్టారు. మామూలు పరీక్షలో ఓ గ్రూపులాగే కనిపిస్తుంది, కానీ ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది. బాంబే గ్రూపు వాళ్లకు బాంబే గ్రూపు రక్తమే కావాలి. మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మేనరికం పెళ్లిళ్లున్న చోట ఇది బయటపడే అవకాశం ఎక్కువ. ఓ గ్రూపు మనిషికి ఏ ఓ సంచీ కలవడం లేదని రక్తనిధి చెబితే, ఈ పరీక్ష చేశారా అని అడగండి.

పేరు దగ్గర వచ్చే తంటా

ఇది పుస్తకాల్లో దొరకదు, మా అనుభవం. మన వాళ్లకు ఇంటిపేరు ముందు. ఇక్కడ మరాఠీ పద్ధతిలో తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఆధార్‌లో ఒక తీరు, రేషన్ కార్డులో ఒక తీరు, ఆసుపత్రి చీటీలో ఇంకో తీరు. ఒక రాత్రి నమూనా గొట్టం మీద ఇంటిపేరు ముందుంది, రక్తం చీటీ మీద తండ్రి పేరు మధ్యలో ఉంది. రక్తనిధి ఆ నమూనా తిప్పి పంపింది. రెండు గంటలు పోయాయి. మనవాళ్లు కౌంటర్ దగ్గర అరిచారు. మేము అరవలేదు. రక్తం ఎక్కించడంలో ప్రాణాలు తీసే పెద్ద తప్పు ఒకరి సంచి ఇంకొకరికి ఎక్కడమే, అది ఎక్కువగా పేరు రాతలోనే జరుగుతుంది. ఒకే గల్లీలో నలుగురు శ్రీనివాసులున్న ఊరు మనది. ఆసుపత్రిలో చేర్చిన రోజే ఆధార్‌లో ఉన్నట్టే పేరు రాయించండి, చేతి పట్టీ మీద చదివి చూసుకోండి.

డబ్బు విషయానికి వస్తే రక్తానికి ధర లేదు, పరీక్షలకు, నిల్వకు మాత్రమే రుసుము. 2022 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం ప్రైవేటు రక్తనిధుల్లో ఎర్ర కణాల సంచికి గరిష్ఠంగా 1,550 రూపాయలు, ప్లాస్మాకో ప్లేట్‌లెట్లకో సంచికి 400. ప్రత్యేక పరీక్షలు చేస్తే వేరుగా వేస్తారు. రసీదు అడగండి. డబ్బు తీసుకొని రక్తం ఇచ్చే వాళ్ల దగ్గరికి పోవద్దు. సుప్రీంకోర్టు 1996 తీర్పు తర్వాత 1998 జనవరి 1 నుంచి ఆ వ్యాపారం నిషేధం. ఏ రక్తనిధిలో ఏ గ్రూపు ఉందో ఈ-రక్తకోశ్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు.

రక్తం ఇవ్వడానికి 18 నుంచి 65 ఏళ్ల వయసు, 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. మన శిబిరాల్లో రాత్రి పాళీ చేసి నేరుగా వచ్చే కార్మికులు చాలామంది హిమోగ్లోబిన్ తక్కువై వెనక్కి పోతున్నారు. వాళ్లు ముందు తమ సంగతి చూపించుకోవాలి. రాత్రి పాళీ దిగిన రోజు రక్తం ఇవ్వవద్దు, నిద్రపోయి, తిని రండి.

కిందటి దసరా నుంచి మా రిజిస్టర్‌లో ఫోన్ నంబర్, గ్రూపు పక్కన ఒక కొత్త గడి గీశాం: ఆధార్‌లో ఉన్నట్టు పేరు. ఆ గడి ఇప్పటికి 212 మందికి నింపాం. మిగతా వాళ్లు ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు లోపు కార్డు తీసుకొని ఆఫీసుకు రావాలి. ఎక్మో మీద మన వాళ్లెవరైనా ఉంటే రోజూ సాయంత్రం డాక్టర్‌ను అడగాల్సినవి నాలుగే: ఈ రోజు హిమోగ్లోబిన్ ఎంత, రక్తం ఎక్కడైనా కారుతోందా, ఇప్పటిదాకా ఎన్ని సంచులు ఎక్కాయి, హెపారిన్ నడుస్తోందా ఆపారా. జవాబులు ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. హిందీ, మరాఠీ, ఇంగ్లీషు అర్థం కాకపోతే ఎంత రాత్రయినా ఫోన్ చేయండి, ఆ నర్సమ్మాయి డ్యూటీలో లేకపోతే లైన్లోకి వస్తుంది.